బీడీ మానినా, మళ్ళీ ముట్టించినా మాత్ర బలం మారుతుంది: మానసిక వ్యాధుల మందులపై పొగ, ఇతర ఔషధాల ప్రభావం

మానసిక వ్యాధికి చికిత్స పొందుతున్నవారున్న ఇళ్ళలో తరచుగా వినవచ్చే మాట ఒకటి ఉంది. "ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ చక్కగా ఉన్నాడు, ఇంటికి తీసుకొచ్చిన కొద్ది వారాలకే మళ్ళీ మొదటికి వచ్చాడు" అని. ఇందుకు ఇంటివారు తలకొక కారణం చెబుతారు. దిష్టి తగిలిందని ఒకరు, మాత్రలు కల్తీవని మరొకరు, రోగి మాత్ర మింగకుండా పారవేస్తున్నాడని ఇంకొకరు అంటారు. అయితే తల్లి ఎదుట నిలబడి మాత్ర మింగించే ఇంట్లో కూడా ఇదే జరుగుతూ ఉంటుంది. అప్పుడు ఎవరి దృష్టికీ రాని కారణం ఒకటి మిగిలి ఉండవచ్చు. అది రోగి చేతిలోని బీడీ.

ఆసుపత్రి వార్డులో పొగ తాగనివ్వరు. ఇంటికి రాగానే పాత అలవాటు తిరిగి మొదలవుతుంది. కొన్ని మానసిక వ్యాధుల మందులను ఈ పొగ శరీరంలో త్వరత్వరగా ఖర్చు చేయిస్తుంది. మాత్ర అదే, వేళ అదే, కాని రక్తంలో నిలిచే మందు సగానికి పడిపోవచ్చు. దీనికి ఎదురు పరిస్థితి కూడా ఉంది. ఏళ్ళ తరబడి బీడీ తాగుతూ అదే మాత్ర వేసుకునే మనిషి హఠాత్తుగా బీడీ మానివేస్తే, నిన్నటి వరకు సరిపోయిన మోతాదు నేడు అతిమోతాదు కావచ్చు. పొగతో పాటు క్షయ మాత్రలు, మూర్ఛ మాత్రలు, కొన్ని యాంటీబయాటిక్ మందులు కూడా ఇటువంటి మార్పులే తెస్తాయి. తిరుత్తణి, పళ్ళిపట్టు, తిరువళ్ళూరు ప్రాంతాల కుటుంబాలు ఈ విషయాన్ని తెలుసుకొని ఉండడం ఎంతైనా అవసరం.

ఏ మందుల గురించి ఈ వ్యాసం?

లేని మాటలు వినిపించడం, అకారణమైన అనుమానాలు, తనలో తాను మాట్లాడుకోవడం వంటి లక్షణాలుండే స్కిజోఫ్రెనియా మొదలైన తీవ్ర మానసిక వ్యాధులలో ఇచ్చే మందులను యాంటీసైకోటిక్ మందులు అంటారు. వీటిలో మొదటిదైన క్లోర్‌ప్రోమజిన్‌ను 1952లో పారిస్ నగరంలో మానసిక రోగులపై వాడి ఫలితం చూశారు. ఆ తరువాత హాలోపెరిడాల్, ఫ్లూఫెనజిన్ వచ్చాయి. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నవి రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్, అరిపిప్రజోల్, అమిసల్‌ప్రైడ్. ఇతర మందులకు లొంగని వ్యాధికి క్లోజపిన్ ఇస్తారు. క్లోజపిన్ వల్ల కొందరిలో రక్తంలోని తెల్లకణాలు ప్రమాదకరంగా తగ్గుతాయని 1975లో ఫిన్లాండ్ దేశపు అనుభవం వల్ల తెలిసింది. అందువల్లనే ఈ మందు వాడేవారికి మొదట్లో వారం వారం, తరువాత కొంత ఎడంగా రక్తపరీక్ష చేస్తారు.

మన చీటీలోని మందు వీటిలో ఏదో తెలుసుకోవడం మొదటి పని. అట్ట మీద పెద్ద అక్షరాలలో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. అది షాపు షాపుకూ మారుతుంది. దాని వద్దనే చిన్న అక్షరాలలో ఉండేది మందు అసలు పేరు. ఇంట్లో చదువుకునే పిల్లల చేత ఆ చిన్న అక్షరాలను చదివించి, మన లిపిలో ఒక పుస్తకంలో వ్రాయించుకోవాలి.

శరీరంలో మందు ఎలా ఖర్చవుతుంది?

మన పూండి జలాశయాన్ని తలచుకుంటే ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. కండలేరు నుండి కాలువలో రోజూ ఒకే పరిమాణంలో నీరు వస్తున్నదనుకుందాం. జలాశయంలో మట్టం ఎంత ఉంటుందన్నది వచ్చే నీటిపైనే ఆధారపడదు. కింది గేట్లు ఎంత తెరిచారన్న దానిపై కూడా ఆధారపడుతుంది. మాత్ర అనేది వచ్చే నీరు. కాలేయం అనేది గేటు. రక్తంలోని మందు స్థాయి అనేది నీటిమట్టం. మట్టం మరీ తగ్గితే వ్యాధి తిరగబెడుతుంది. మరీ పెరిగితే మందు విషంగా మారుతుంది.

కాలేయంలో మందులను విరగగొట్టే ఎంజైములు అనేకం ఉన్నాయి. వాటిలో సి.వై.పి. 1ఎ2 అనేది క్లోజపిన్, ఒలాంజపిన్ మందులను ముఖ్యంగా విరగగొడుతుంది. బీడీ, సిగరెట్, చుట్ట వంటివి కాల్చినప్పుడు పొగాకు ఆకు కాలి తారు పుడుతుంది. ఆ తారులోని కొన్ని రసాయనాలు కాలేయంలోకి చేరి, ఈ ఎంజైమును మరింతగా తయారు చేయిస్తాయి. అంటే గేటు మరింత తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. ఈ పని చేసేది నికోటిన్ కాదు, పొగ. కాబట్టి నమిలే పొగాకు, నశ్యం వంటివి నోటి క్యాన్సర్ మొదలైన కీడు చేసినప్పటికీ, ఈ మందుల స్థాయిని పొగ వలె తగ్గించవు. బీడీ మాని నికోటిన్ చూయింగ్ గమ్‌కో, చర్మానికి అతికించే ప్యాచ్‌కో మారినవారిలో కూడా మందు స్థాయి పెరుగుతుంది. "నికోటిన్ అందుతూనే ఉంది కదా, మార్పు ఉండదు" అనుకోవడం పొరపాటు. గంజాయి పొగ కూడా పొగాకు పొగ వలెనే ఈ ఎంజైమును పెంచుతుంది. అంతేకాక గంజాయి మానసిక వ్యాధినే ముదరబెడుతుంది.

పొగ ఏ మందును ఎంత తగ్గిస్తుంది?

క్లోజపిన్: అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం దీనిపైనే. ఒకే మోతాదు తీసుకునే ఇద్దరిలో పొగ తాగేవారి రక్తంలో మందు, తాగనివారితో పోలిస్తే సుమారు సగమే ఉండవచ్చు.

ఒలాంజపిన్: పొగ తాగేవారిలో ఇది దాదాపు మూడో వంతు మేర తగ్గవచ్చు.

హాలోపెరిడాల్, ఫ్లూఫెనజిన్, క్లోర్‌ప్రోమజిన్: వీటిపై ప్రభావం కొంత ఉంది, అయితే పై రెండింటి కన్నా తక్కువ. నెలకో, పక్షానికో వేసే సూదిమందు రూపంలో తీసుకున్నా చివరికి మందు కాలేయం గుండానే పోవాలి గనుక, సూది వేయించుకునే వారికి ఈ విషయం వర్తించదని అనుకోరాదు.

రిస్పెరిడోన్, పాలిపెరిడోన్, క్వెటియాపిన్, అరిపిప్రజోల్, అమిసల్‌ప్రైడ్: వీటి స్థాయిని పొగ చెప్పుకోదగినంతగా మార్చదు.

రోజుకు ఎన్ని తాగితే ఈ ప్రభావం కలుగుతుంది అన్న ప్రశ్న సహజం. సిగరెట్లపై జరిపిన పరిశోధనలలో రోజుకు 7 నుండి 12 తాగినా ప్రభావం దాదాపు పూర్తి స్థాయిలో కనిపించింది. అంటే కట్ట బీడీలు సగం కట్టకు తగ్గించినంత మాత్రాన గేటు సగం మూసుకున్నట్లు కాదు. సిగరెట్ కన్నా బీడీ పొగలో తారు తక్కువేమీ కాదు, ఎక్కువే.

పొగ మానిన తరువాత ఆ అదనపు ఎంజైము ఎక్కువ కాలం నిలవదు. రెండు రోజులు తిరగకముందే సగానికి తగ్గి, దాదాపు వారంలో మామూలు స్థాయికి చేరుతుంది. కనుక మానిన మొదటి రెండు వారాలు మిక్కిలి జాగ్రత్త వహించవలసిన కాలం. తిరిగి తాగడం మొదలుపెడితే కొద్ది వారాలలో మందు స్థాయి మళ్ళీ పడిపోతుంది.

మన ఇళ్ళలో ఇది జరిగే సందర్భాలు

మొదటిది, ఆసుపత్రిలో చేరడం, తిరిగి రావడం. పొగలేని వార్డులో సరిచూసి నిర్ణయించిన మోతాదు, రోజుకు కట్ట బీడీలు తాగే ఇంటి జీవితానికి చాలకపోవచ్చు. ఇంటికి పంపే రోజున "ఇతడు ఇంట్లో బీడీ తాగుతాడు" అని కుటుంబమే వైద్యునికి గుర్తు చేయాలి.

రెండవది, మాల వేసుకోవడం. మన వైపు అయ్యప్ప మాల వేసి 41 రోజుల దీక్ష పట్టేవారు ఎందరో ఉన్నారు. తిరుత్తణి ఆడికృత్తికకు కావడి మొక్కుకొని నియమాలు పాటించేవారూ ఉన్నారు. దీక్ష పట్టిన నాటి నుండి బీడీ ముట్టరు. ఇది మెచ్చుకోదగిన నియమమే. అయితే క్లోజపిన్ తీసుకునే మనిషి మాల వేసిన రెండవ వారానికి మగతతో తూలుతూ, నోట చొంగ కారుస్తూ కనిపించవచ్చు. చూసినవారు భక్తి పారవశ్యమనో, ఉపవాస నీరసమనో అనుకుంటారు. నిజానికి రక్తంలో మందు పెరిగి ఉండవచ్చు. మాల తీసిన మరునాడే బీడీ ముట్టిస్తే కొద్ది వారాలకు వ్యాధి తిరగబెట్టవచ్చు. అప్పుడు దీక్షలో ఏదో తప్పు జరిగిందని ఇంటిల్లపాదీ కుమిలిపోతారు. దోషం దీక్షది కాదు, దేవునిది కాదు. మాల వేసే ముందు, తీసే ముందు వైద్యునికి ఒక మాట చెప్పి ఉంటే మోతాదు సవరించి ఉండేవారు. దీక్షలో ఒంటిపూట భోజనం చేసేవారు మాత్రల వేళను కూడా అడిగి తెలుసుకోవాలి. లురాసిడోన్, జిప్రాసిడోన్ అనే మందులు కడుపునిండా అన్నం తిన్నాక వేసుకుంటేనే ఒంటికి పడతాయి.

మూడవది, జ్వరం. న్యుమోనియా వంటి తీవ్రమైన అంటురోగం సోకినప్పుడు కాలేయంలోని ఈ ఎంజైము పని తగ్గుతుంది. క్లోజపిన్ స్థాయి దానంతట అదే పెరుగుతుంది. దగ్గు, ఆయాసం వల్ల రోగి అదే వారంలో బీడీ కూడా మానుతాడు. పైగా దగ్గరి షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు కొని వేస్తే, అదే ఎంజైమును ఆ మందు కూడా అడ్డుకుంటుంది. మూడు కారణాలు ఒకే వారంలో కలిసినప్పుడు ప్రాణాపాయం ఏర్పడవచ్చు. క్లోజపిన్ వాడేవారికి జ్వరం, గొంతునొప్పి వస్తే మరొక కారణం వల్ల కూడా అదే రోజు వైద్యునికి చూపాలి. అది తెల్లకణాలు తగ్గినందుకు సూచన కావచ్చు.

కాఫీ, టీ మాటేమిటి?

కాఫీలోని కెఫీన్‌ను విరగగొట్టేది కూడా సి.వై.పి. 1ఎ2 ఎంజైమే. ఒకే గేటు గుండా రెండు పోవలసి వచ్చినప్పుడు ఒకటి ఆగుతుంది. అందుచేత కాఫీ ఎక్కువగా తాగేవారిలో క్లోజపిన్ స్థాయి పెరుగుతుంది. హఠాత్తుగా కాఫీ మానితే తగ్గుతుంది. బీడీ మానిన మనిషిలో కెఫీన్ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది గనుక, మునుపటి వలె అన్ని గ్లాసులూ తాగితే నిద్ర పట్టక, గుండె దడతో కలవరపడవచ్చు. దానిని వ్యాధి ముదరడంగా భ్రమించరాదు. రోజుకు రెండు గ్లాసుల కాఫీ తాగే అలవాటు ఉంటే ఆ రెండూ అలాగే కొనసాగించడం మంచిది. ఒకనాడు ఆరు, ఒకనాడు సున్న అన్న పద్ధతి మంచిది కాదు.

ఇతర మందులతో కలిసినప్పుడు

స్థాయిని తగ్గించేవి:

క్షయ వ్యాధికి ఇచ్చే రిఫాంపిసిన్ కాలేయంలోని అనేక ఎంజైములను బలంగా పెంచుతుంది. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, క్వెటియాపిన్, అరిపిప్రజోల్, క్లోజపిన్ మందుల స్థాయి దీనివల్ల బాగా పడిపోతుంది. మామూలు క్షయకు చికిత్స ఆరు నెలలు. ఆరు నెలలూ రిఫాంపిసిన్ ఉంటుంది. కాబట్టి క్షయ చికిత్స మొదలుపెట్టిన రెండు మూడు వారాలలో మానసిక వ్యాధి తిరగబెట్టే భయం ఉంది. ఆ కోర్సు ముగిసిన రెండు వారాలకు, పెంచిన మోతాదు ఎక్కువై ఇబ్బంది పెట్టే భయమూ ఉంది. ఈ కారణంగా క్షయ మాత్రలు మానడం మహాపరాధం. చేయవలసిందల్లా ఇరువురు వైద్యులకూ రెండు చికిత్సల సంగతీ చెప్పడమే.

మూర్ఛకు, కొన్నిసార్లు మానసిక వ్యాధికి కూడా ఇచ్చే కార్బమజపిన్, మూర్ఛ మందులైన ఫెనిటాయిన్, ఫెనోబార్బిటోన్ కూడా ఇటువంటివే. ఇవి తోడైతే క్వెటియాపిన్ దాదాపు పనిచేయని స్థాయికి పడిపోతుంది. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్ కూడా తగ్గుతాయి. కార్బమజపిన్, క్లోజపిన్ రెండూ రక్తకణాలకు హాని చేయగలవు గనుక వాటిని కలిపి ఇవ్వడాన్ని వైద్యులు మానుకుంటారు.

స్థాయిని పెంచేవి:

మనోవ్యాకులతకు, అదేపనిగా చేతులు కడగడం వంటి జబ్బుకు ఇచ్చే ఫ్లువోక్సమిన్, క్లోజపిన్ స్థాయిని 5 నుండి 10 రెట్ల వరకు పెంచగలదు. ఒలాంజపిన్‌ను కూడా పెంచుతుంది. అదే కోవకు చెందిన ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ మందులు వేరొక ఎంజైమును అడ్డుకొని రిస్పెరిడోన్, హాలోపెరిడాల్, అరిపిప్రజోల్ స్థాయిని పెంచుతాయి.

విరేచనాలకు, మూత్రంలో మంటకు తరచుగా వాడే సిప్రోఫ్లాక్సాసిన్ సంగతి పైన చెప్పాము. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందులు, తామరకు మింగే ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్ మాత్రలు క్వెటియాపిన్ మొదలైనవాటిని పెంచుతాయి. గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టిన స్త్రీలలో క్లోజపిన్ స్థాయి పెరగవచ్చు. ఈ మాట చెప్పడానికి మన స్త్రీలు సిగ్గుపడతారు. వైద్యురాలి దగ్గరో, నర్సమ్మ దగ్గరో అయినా తప్పక చెప్పాలి.

స్థాయిని మార్చకుండానే చెరుపు చేసేవి:

సారాయి, నిద్రమాత్రలు, మత్తు కలిగించే జలుబు మాత్రలు మగతను రెట్టింపు చేస్తాయి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, హాలోపెరిడాల్ వలెనే కండరాలను బిగుసుకొనేలా చేస్తుంది. నాటుమందులలో వాడే సర్పగంధిలో రక్తపోటును తగ్గించే రిసర్పిన్ ఉంది. ఇంగ్లీషు మందుతో కలిసినప్పుడు మనిషి లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ మాత్ర క్లోజపిన్‌తో కలిస్తే మలబద్ధకం ప్రమాదస్థితికి చేరవచ్చు. మూడు రోజులు విరేచనం కాకపోతే తేలికగా తీసుకోరాదు.

లిథియం వాడేవారికి ఒక హెచ్చరిక: యాంటీసైకోటిక్ మందులతో పాటు కొందరికి లిథియం కూడా ఇస్తారు. ఇది కాలేయం గుండా కాక మూత్రపిండాల గుండా పోతుంది. అందుచేత పొగతో దీనికి సంబంధం లేదు. అయితే ఒళ్ళునొప్పులకు కొనే ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు, రక్తపోటుకు ఇచ్చే కొన్ని మాత్రలు దీని స్థాయిని పెంచుతాయి. వేసవిలో తిరుత్తణి ఎండ ఎటువంటిదో మనకు తెలిసినదే. చెమట పోసి నీరు తక్కువైనా, ఉప్పు లేని చప్పిడి పథ్యం చేసినా లిథియం పెరుగుతుంది. చేతుల వణుకు, వాంతులు, విరేచనాలు, తూలడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఎక్కువైనదా, తక్కువైనదా? గుర్తించడం ఎలా?

మందు ఎక్కువైనప్పుడు కనిపించేవి: పగలంతా మగత, దిండు తడిసేంత చొంగ, మాట ముద్దగా రావడం, తూలడం, లేవగానే కళ్ళు తిరగడం, గుండె దడ, కండరాల బిగువు, వణుకు, ఒక్కొక్కసారి మూర్ఛ.

మందు తక్కువైనప్పుడు కనిపించేవి: మొదట నిద్ర తగ్గడం, ఆపై చిరాకు, ఒంటరిగా కూర్చోవడం, తనలో తాను మాట్లాడుకోవడం, పాత అనుమానాలు తిరిగి రావడం.

మూర్ఛ వచ్చినా, లేపినా లేవకపోయినా, తీవ్ర జ్వరంతో ఒళ్ళు కొయ్యబారి మతి తప్పినా అది అత్యవసర స్థితి. 108 వాహనాన్ని పిలవాలి.

క్లోజపిన్ స్థాయిని రక్తపరీక్ష ద్వారా కొలవవచ్చు. రాత్రి మాత్ర వేసిన 12 గంటలకు, ఉదయపు మాత్ర వేయకముందు రక్తం తీస్తారు. మిల్లీలీటరుకు 350 నానోగ్రాములు దాటితే మందు పనిచేసే అవకాశం ఎక్కువ. 600 దాటితే మూర్ఛ మొదలైన అపాయాలు పెరుగుతాయి. మన పొరుగున ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు ఈ రక్తస్థాయిలపై పరిశోధన చేసి 2013లో ప్రచురించారు కూడా. పరీక్ష పెద్ద ఆసుపత్రులలోనే దొరుకుతుంది గనుక, పల్లెలో ఉన్న మనకు ఇంటివారి కళ్ళే మొదటి పరీక్ష.

సరిహద్దు ఇళ్ళ ప్రత్యేక సమస్య

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలో భాగం. గీత మారినా బంధుత్వాలు మారలేదు. మనవారు మానసిక వైద్యానికి చెన్నై కీళ్పాక్కంలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళతారు. 1871 నుండి ఆ స్థలంలోనే ఉన్న ఆ సంస్థ పేరును ఎగతాళికి వాడే అలవాటు ఇకనైనా మానాలి. తిరువళ్ళూరులో 2022లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, తిరుత్తణిలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అదే మనిషి జ్వరానికి నగరిలోనో, పుత్తూరులోనో చూపించుకుంటాడు. అక్క ఇంటికి పోయినప్పుడు తిరుపతిలో మరో చీటీ వ్రాయించుకుంటాడు. ఒక రాష్ట్రపు చీటీ మరొక రాష్ట్రపు వైద్యుని కంట పడదు. వైద్యుడు చెప్పేది తమిళంలో, చీటీ ఇంగ్లీషులో, ఇంట్లో మాట తెలుగులో. ఈ మూడింటి మధ్య జారిపోయే మాటలలో బీడీ మాట మొదటిది.

చేయవలసిన పనులు

1. ఒక నోటుపుస్తకం పెట్టండి. అన్ని మందుల అసలు పేర్లు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, రోజుకు తాగే బీడీలు, కాఫీ గ్లాసులు అందులో వ్రాయండి. గీతకు ఇటైనా, అటైనా ఏ వైద్యుని దగ్గరకు వెళ్ళినా అది చేతిలో ఉండాలి. మాత్రల అట్టలను కూడా తీసుకువెళ్ళండి.

2. ఏ కొత్త మందు వ్రాసినా, షాపులో కొన్నా "ఈయన మానసిక వ్యాధికి ఫలానా మాత్ర వాడుతున్నారు" అని ముందే చెప్పండి. "ఇతర మందులు ఏమైనా వాడుతున్నారా" అని అడిగినప్పుడు నామోషీతో దాచవద్దు.

3. బీడీ మానే ముందు, మాల వేసే ముందు, ఆసుపత్రిలో చేరే ముందు, తిరిగి ఇంటికి వచ్చే ముందు మానసిక వైద్యునికి తెలియజేయండి. క్లోజపిన్, ఒలాంజపిన్ వాడేవారు పొగ మానినప్పుడు మొదటి వారంలోనే మోతాదును సుమారు నాలుగో వంతు తగ్గించి, ఆపై లక్షణాలను బట్టి సరిచేయడం వైద్యులు అనుసరించే పద్ధతులలో ఒకటి. ఇది వైద్యుడు చేయవలసిన పని. ఇంట్లో మాత్రలు విరిచి లెక్కలు కట్టరాదు.

4. క్లోజపిన్ రెండు రోజులకు మించి తప్పిపోతే పాత మోతాదును ఒక్కసారిగా తిరిగి వేయరాదు. వైద్యుని అడిగి తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి.

5. ఆసుపత్రి నుండి ఇంటికి పంపేటప్పుడు చికిత్స వివరాల పత్రాన్ని అడిగి తీసుకోండి. తన వైద్య వివరాలను పొందే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఇచ్చింది.

6. అనుమానం కలిగినప్పుడు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలిమానస్ సేవ ఇది. రాత్రింబవళ్ళు ఉచితం. తెలుగులోనూ, తమిళంలోనూ మాట్లాడవచ్చు.

అయితే బీడీ తాగనివ్వడమే మేలా?

కాదు. ఇంత చదివాక "బీడీ మానితే మాత్ర ఎక్కువవుతుందట, తాగనిస్తే పోలా" అని ఎవరైనా అనుకుంటే ఈ వ్యాసం వ్రాసిన ప్రయోజనమే చెడుతుంది. తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారు తక్కిన వారికన్నా ముందుగా మరణించడానికి గుండె జబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు ముఖ్య కారణాలు. ఆ రెండింటికీ పొగ తోడు. మానసిక రోగికి బీడీ తప్ప వేరే సుఖం ఏముందని జాలిపడి కట్టలు కొనిచ్చేవారు తెలియక చేటు చేస్తున్నారు. పొగ మానిన రోగికి క్లోజపిన్, ఒలాంజపిన్ తక్కువ మోతాదుతోనే సరిపోతాయి. బీడీ ఖర్చూ తగ్గుతుంది.

కాబట్టి బీడీ మానించండి. కాని చెప్పి మానించండి, మోతాదు చూపించుకొని మానించండి, మొదటి రెండు వారాలు కనిపెట్టి ఉండండి. తిరగబెట్టిన ప్రతి వ్యాధికీ రోగి మొండితనమే కారణమని నిందించే ముందు, గడచిన నెలలో అతని పొగలో, కాఫీలో, ఇతర మాత్రలలో ఏమి మారిందో నోటుపుస్తకం తెరిచి చూడండి. చాలా ఇళ్ళలో జవాబు అక్కడే దొరకవచ్చు.